ఉల్లిగడ్డల మరాఠీ

సవితకు కోపం వస్తే తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియదు. అదే ఆమెకున్న పెద్ద ఇబ్బంది.

ఇంట్లో కోపం వస్తే గిన్నెలు మామూలుకన్నా మెల్లగా కడుగుతుంది. కాలేజీలో వస్తే అక్షరాలు మామూలుకన్నా గుండ్రంగా రాస్తుంది. అందుకే ఆ సోమవారం పొద్దున కంప్యూటర్ ల్యాబులో ఆమెకు ఒళ్ళంతా మండిపోతుంటే, పక్క కుర్చీలో ధనుంజయ్ మాత్రం మానిటర్ చాటున సమోసా తింటూ హాయిగా కాళ్ళూపుతున్నాడు.

"సవితా, మన షీట్ సూసినవా? మొత్తం సాఫ్ జేసిన. ఇప్పుడెంత నీట్‌గున్నదో!"

"సూసిన."

"నువ్వు తొందరల హిందీ లింకులు కుప్పబోసినట్టున్నవ్. మన రైతులకు హిందీల చెరుకు ఎందుకు చెప్పు? అన్నీ లేపేసిన. మంచిగ జేసిన కదా?"

సవిత నోట్సు తెరిచి చాలా గుండ్రంగా తేదీ వేసింది. ఆ మౌనాన్ని ధనుంజయ్ మెచ్చుకోలు కింద జమ కట్టుకున్నాడు.

"సమోసా తింటవా?"

"వద్దు."

"ఉపాసమా? సోమారం కదా. శివునికా?"

నిజామాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలకు భానుప్రసాద్ సర్ ఇచ్చిన ప్రాజెక్టు అది. ఇద్దరిద్దరు ఒక జట్టు, జట్టుకో పంట. ఆ పంట గురించి ఇంటర్నెట్‌లో దొరికే పనికొచ్చే లింకులన్నీ ఏరి షీట్‌లో పెట్టాలి. ప్రతి లింకూ తెరిచి, చదివి, అందులో ఏముందో తెలుగులో రెండు వాక్యాలు రాయాలి. ఆఖర్న రైతులను కాలేజీకి పిలిచి, వాళ్ళ ఫోన్లలోనే తెరిచి చూపించాలి.

జట్లు కట్టేటప్పుడే సర్ అందరి ముందూ అన్నాడు. "ధనుంజయ్, నీకు నోరెక్కువ. సవితా, నీకు నోరే లేదు. మీ ఇద్దరు కలిస్తె ఒక పూరా మనిషైతరు. చెరుకు మీది."

క్లాసంతా నవ్వింది. సవిత తల వంచుకుంది. ఆ క్షణాన ఆమె గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో కూడా ఎవరికీ తెలియలేదు. రెండేళ్ళుగా ఆమె వెనక బెంచీలో కూర్చుని ధనుంజయ్ వీపును చదువుతోంది. వాడు చొక్కా కాలరు ఎప్పుడూ ఎడమవైపే మడతపెట్టడం మరిచిపోతాడు. క్యాంటీన్ అక్క మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అడగకుండా టీ తాగడు. వానొస్తే గొడుగు తన కన్నా ముందు పుస్తకాలకు పడతాడు.

అలాంటివాడు షీట్‌లోంచి తీసిపారేసినవి హిందీ లింకులు కావు. ఆ సంగతి వాడికి తెలియదు. సవిత చెప్పలేదు.

సవితది బోధన్ దాటాక మంజీర ఒడ్డున ఉన్న ఊరు. తల్లి తారాబాయిది ఏటికి అవతలి ఒడ్డు, మహారాష్ట్ర. పెళ్ళై ఇవతలికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. తెలుగు బాగానే పట్టుబడింది. కానీ పంటి నొప్పి వచ్చినా, పాలు పొంగిపోయినా, దేవుడికి మొక్కుకున్నా ఆమె నోట మరాఠీయే వస్తుంది. ఆ ఊళ్ళో దాన్ని వినేవాళ్ళు ఇద్దరే. సవిత విని బదులిస్తుంది. భర్త రామ్‌దాస్ అంతా వింటాడు, అంతా అర్థం చేసుకుంటాడు, నాలుక మాత్రం తిరగదు. ఆమె మరాఠీలో అడిగితే ఆయన తెలుగులో చెబుతాడు. అలాగే సంసారం సాగిపోయింది.

చెరకు మీద మరాఠీలో ఎన్ని పేజీలున్నాయో చూసి సవితే ఆశ్చర్యపోయింది. రోజూ సాయంత్రం తల్లి జొన్నరొట్టె కొడుతుంటే తను ఫోన్లో చదివి వినిపించేది.

"గిది పెట్టు, మంచిగ చెప్పిండు," అనేది తారాబాయి. "గది వద్దు. ఉత్త మందులమ్మే ముచ్చట."

అలా తల్లి ఏరితే పోగైన లింకులవి. తన మాట కాలేజీ దాకా పోతోందని ఆమె పడ్డ సంబరం అంతా ఇంతా కాదు.

ఆ సోమవారం సాయంత్రం ఇంటికి రాగానే అడిగింది. "మీ సార్ సూసిండా? ఏమన్నడు?"

"సూసిండు ఆయీ."

"మంచిగున్నయన్నడా?"

"ఊ."

సవిత గిన్నెలు కడగడానికి కూర్చుంది. తారాబాయి కాసేపు ఆ కడగడం చూసింది. "ఎవని మీద బిడ్డా గంత కోపం?" అంది. సవిత నీళ్ళు గట్టిగా గుమ్మరించింది.

రొట్టెలయ్యాక తల్లి పక్కన వచ్చి కూర్చుంది. "ధర్మాబాద్ నుంచి మామ ఫోన్ జేసిండు. నాందేడ్ల సంబంధమట. పిలగాడు బ్యాంకుల జేస్తడు. నువ్వు అటు పోతె నాతోని మాట్లాడెటోళ్ళు ఇంకో ఇల్లంత దొరుకుతరు. గదే నా ఆశ. బలవంతం లేదు. నీ ప్రాజెక్టు అయినంక అవునో కాదో మామకు నువ్వే చెప్పు."

సవితకు ఆ రాత్రి అన్నం సయించలేదు. కాదని చెప్పడానికి ఒక మనిషి కారణంగా ఉన్నాడు. ఆ కారణమేమో అమ్మ భాషను చెత్తలా ఊడ్చి, సమోసా తిన్నాడు.

రెండు రోజుల తర్వాత భానుప్రసాద్ సర్ షీట్లన్నీ చూశాడు. చెరకు దగ్గర ఆగిపోయాడు.

"గిన్నే లింకులా? మొన్న ఇంకా ఉండె కదా." పాత కాపీ తెరిచాడు. తీసేసినవన్నీ తెర మీదికి వచ్చాయి. "ఎవరు తీసిండ్రు?"

"నేనే సర్," అన్నాడు ధనుంజయ్ గర్వంగా. "హిందీవి సర్. మనోళ్ళకు అక్కరకు రావు."

"ఏదీ, ఒకటి చదివి చెప్పు."

ధనుంజయ్ లేచి చదవడం మొదలుపెట్టాడు. బళ్ళో చదివిన హిందీ పుణ్యాన అక్షరాలు పలికాయి, అర్థం మాత్రం పలకలేదు. ఒక వాక్యం, రెండు వాక్యాలు. చెమట పట్టింది. "సర్, చెరుకును గన్నా అంటరు కదా, ఆ మాట యాడ లేదు. పాగల్ వెబ్‌సైట్ లెక్కున్నది."

వెనక నుంచి మెల్లగా ఒక గొంతు వినిపించింది. "అది హిందీ కాదు. మరాఠీ."

క్లాసంతా వెనక్కి తిరిగింది. సవిత మాట్లాడిందా అని కొందరికి అనుమానం వచ్చింది.

ధనుంజయ్ ముఖం చూస్తే, ఎవరో వాడి చేతిలోంచి సమోసా గుంజుకున్నట్టుంది.

ఆ సాయంత్రం బస్టాండ్‌లో వాన దంచికొడుతోంది. సవిత బోధన్ బస్సు కోసం నిలబడింది. ధనుంజయ్ తడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. గొడుగు చేతిలోనే ఉంది, తెరవడం మరిచిపోయాడు.

"సవితా, తిట్టు. జర గట్టిగ తిట్టు. నువ్వు గిట్ల ఊకుంటె నా పానం పోతాంది."

సవిత బస్సు వచ్చే దారివైపు చూస్తోంది.

"అన్ని లింకులు మళ్ళ పెట్టిన. ఒట్టు. ఇగ ముట్టుకోను."

"అవి నేను ఏరలే," అంది సవిత. "మా ఆయి ఏరింది."

"ఆయి అంటె?"

"మా అమ్మ. ఏటవతలి మనిషి. మా ఊర్ల ఆమె భాష ఇనెటోళ్ళు లేరు. తను ఏరినయి కాలేజీల పెడుతున్నరని సంబురపడ్డది. నువ్వేమో సాఫ్ జేసినవ్."

ధనుంజయ్ తల వంచుకున్నాడు. అది వాడికి అలవాటు లేని పని.

బస్సు మలుపు తిరిగి లోపలికి వస్తోంది. ఇక చెప్పే సమయం ఉండదన్న తొందరలో, సవిత నోట ఎన్నడూ రానిది వచ్చేసింది. "మా మామ నాందేడ్ సంబంధం తెచ్చిండు. ప్రాజెక్టు అయినంక అవునో కాదో చెప్పాలె."

"ఏం చెప్తవ్?" వాడి గొంతు వానలో సగం కొట్టుకుపోయింది.

"మా ఆయికి అల్లునితోని మాట్లాడాలని ఉంటది కదా."

అనేసి బస్సెక్కింది. కిటికీలోంచి చూస్తే వాడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఎవరో ముసలాయన వాడి చేతిలోని గొడుగు తీసి, తెరిచి, మళ్ళీ వాడి చేతికే ఇస్తున్నాడు.

ఆ తర్వాత కాలేజీలో ఒక వింత మొదలైంది. ధనుంజయ్ ఉల్లిగడ్డలు పంచడం మొదలుపెట్టాడు.

మొదట క్లాసులో రోజాకు ఒక సంచీ ఇచ్చాడు. తర్వాత మల్లికార్జున్‌కు రెండు కిలోలు, క్యాంటీన్ అక్కకు ఒక బుట్ట, వాచ్‌మన్‌కు జాంకాయలు. ఒకరోజు భానుప్రసాద్ సర్ టేబుల్ మీద వెల్లుల్లి కట్ట కనిపించింది.

"ఏంరా, కూరగాయల మడిగె పెట్టినవా?" అని మల్లికార్జున్ అడిగితే, "తిను బే, ఊకెనే ఇస్తే ప్రశ్నలేంది?" అని తప్పించుకున్నాడు.

ల్యాబులో వాడి ఫోన్ మోగితే, వాడు అవ్వ అని పిలిచే తల్లి శ్యామలమ్మ గొంతు పక్కవాళ్ళకు కూడా వినిపించింది. ఆమె ఇంట్లో బీడీలు చుడుతుంది. "ఒరేయ్, చాటల ఆకు పెట్టుకుందామంటె జాగ లేదురా! మంచం కింద ఉల్లిగడ్డలు, తలుపెన్క ఉల్లిగడ్డలు! నీకేమన్న గాలి సోకిందారా?"

సవిత తల వంచుకునే అన్నీ గమనించింది. సంగతేమిటో మాత్రం బోధన్ అంగడికి తల్లితో పోయిన రోజు కంటపడింది. ఏటవతలి నుంచి వచ్చి ఉల్లిగడ్డలు, వెల్లుల్లి అమ్మేవాళ్ళు ఒక వరసలో కూర్చుంటారు. తల్లి చీరల దుకాణం దగ్గర ఆగినప్పుడు సవిత ఆ వరస వైపు చూసింది. ఉల్లిగడ్డల కుప్ప పక్కన గోనెసంచి మీద బాసింపట్టు వేసుకుని ధనుంజయ్! తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయనకు ఫోన్ చూపిస్తున్నాడు. పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఒక్కో ముక్క చదివి చెబుతున్నాడు. వాడు నెత్తి గోక్కుంటూ రాసుకుంటున్నాడు. మధ్యలో గిరాకీ వస్తే వాడే తూకం వేస్తున్నాడు.

సవిత గబుక్కున తల్లి చెయ్యి పట్టుకుని ఇంకో సందులోకి తిప్పింది.

"ఏందే? నవ్వుతున్నవ్?" అంది తారాబాయి.

"నవ్వుతలేను."

"నవ్వుతున్నవ్."

ఆ రోజు గిన్నెలు చకచకా కడిగేసింది.

ప్రాజెక్టు రోజు శనివారం. సెమినార్ హాల్లో పంటకో టేబుల్ వేశారు. పసుపు దగ్గర ఏర్గట్ల రైతులు, వరి దగ్గర నందిపేట్ వాళ్ళు గుమిగూడారు. చెరకు టేబుల్ దగ్గర ధనుంజయ్ కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు. కాలరు ఎడమవైపు లేచే ఉంది.

"మీ ఆయి వస్తాందా?" అన్నాడు.

"దార్లున్నది. బాపు తీసుకొస్తుండు." సవిత అడిగింది. "మరాఠీ ఎంత దాంక వచ్చింది?"

వాడు తెల్లబోయాడు. "నీకెట్ల తెలుసు?"

"అంగట్ల సూసిన."

"సూసి పిలువలేదా! ఉల్లిగడ్డల మామ దగ్గర కూసుంటె ఏమన్న కొనకుండ లేవనియ్యడు సవితా. మా ఇంట్ల మా అవ్వ నన్ను బయట పండుకోమంటుంది." ఉన్నట్టుండి వాడి గొంతు తగ్గింది. "సూడు, మార్కుల కోసం గాదు. మీ మామకు జవాబు చెప్పే ముందట నన్నొక్కసారి అడుగు. నాందేడాయన ఏమంటడో నాకు తెల్వది. నేనైతె అవుననే అంట."

సవిత చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయింది. అంతలో గుమ్మంలో తారాబాయి, వెనకే రామ్‌దాస్ కనిపించారు.

ధనుంజయ్ ఎదురెళ్ళి రెండు చేతులూ జోడించాడు. నెల రోజులు నేర్చుకున్నదంతా ఆ క్షణాన ఒక్కసారిగా గొంతులోకి తోసుకొచ్చింది. బయటపడింది మాత్రం ఒకటే.

"నమస్కార్! కసం దిలం?"

ఎట్లా ఇస్తున్నావని అంగట్లో బేరం మొదలుపెట్టే మాట అది. తారాబాయి తన చేతుల్లో ఏమైనా ఉందేమోనని చూసుకుంది. ఏమీ లేదు.

"ఏంది బిడ్డా కొంటవ్?" అంది తెలుగులోనే.

వాడికి ఇంకా కంగారు పుట్టింది. "జాస్త్ ఆహే," అన్నాడు, చాలా ఎక్కువ అని. తప్పయిందని తెలిసి సర్దబోయాడు. "థోడం కమీ కరా!"

"గీ పిలగాడు ఏం తగ్గించమంటుండే?" అన్నాడు రామ్‌దాస్ అయోమయంగా.

తారాబాయి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపు ఆపుకుంది. ఇక ఆగలేదు. కుర్చీ వెతుక్కుని కూలబడి నవ్వింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్క టేబుళ్ళ వాళ్ళు తిరిగి చూశారు. తల్లి అంత బిగ్గరగా నవ్వడం సవిత ఎప్పుడూ చూడలేదు.

"ఎవరు నేర్పిండ్రు నీకు?"

"ఉల్లిగడ్డల మామ, అమ్మా. బేరం దాంకనే వచ్చింది. మిగతాది ఇంకా రాలే."

వాడు షీట్ పెద్ద తెర మీద తెరిచాడు. అన్నిటికన్నా పైన, 'ఏరినవారు: తారాబాయి' అని ఉంది. దాని కింద మరాఠీలో మళ్ళీ అదే పేరు. తారాబాయి నవ్వు ఆగిపోయింది. ఆ పేరును కాసేపు చూసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఏం రాసినవో చదువు," అంది.

వాడు ఒక్కో లింకు కింద రాసిన రెండేసి వాక్యాలు చదివాడు. ఆమె తల ఊపుతూ వింది. ఒకచోట చెయ్యెత్తింది.

"ఆగు. ఎండిన చెరుకాకు తీసి పారెయ్యాలని రాసినవా?"

"మామ గట్లనే చెప్పిండమ్మా."

"వాడు చెప్పుడు మంచిగనే చెప్పి ఉంటడు, నువ్వు గిరాకీల బడి సగమే ఇన్నవ్! పారెయ్యద్దు, కాలవెట్టద్దు, సాళ్ళల్ల పరవాలె అనే కదా ఆ పేజీ రాసినాయన మొత్తుకునేది. దిద్దు!"

"దిద్దుతున్న."

"సాళ్ళ మధ్యల అని రాయి."

"రాస్తున్నమ్మా, జర మెల్లగ చెప్పు."

అప్పటికే సరిహద్దు ఊళ్ళ రైతులు కొందరు ఆ గొంతు విని దగ్గరికి వచ్చారు. ఒకాయన మరాఠీలోనే ఏదో అడిగాడు. అంతే, తారాబాయి ధనుంజయ్‌ని పక్కకు జరిపి వాడి కుర్చీలో కూర్చుంది. నరికిన మొదళ్ళ నుంచి మళ్ళీ లేచే పంటకు ఏం చెయ్యాలో, నీళ్ళు ఎప్పుడు ఆపాలో, ఏ లింకు నమ్మాలో, ఏది మందులమ్మే ముచ్చటో చెబుతూ పోయింది. మధ్యాహ్నం అన్నానికి పిలిచినా లేవలేదు. రామ్‌దాస్ స్తంభానికి ఆనుకుని పెళ్ళాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

ధనుంజయ్ ఆమె వెనకే నిలబడి, అడిగిన లింకు అడిగినట్టు తెరుస్తూ, మధ్యమధ్య ఆమెకు మంచినీళ్ళు అందించాడు. ఒక్కసారి కూడా అడ్డం మాట్లాడలేదు. సవిత దూరం నుంచి అదంతా చూసింది. ఆమె గుండెలో నెల రోజులుగా బిగుసుకున్న ముడి ఒకటి ఎప్పుడు విడిపోయిందో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం బస్టాండ్‌లో సన్నగా తుంపర పడుతోంది. ధనుంజయ్ సాగనంపడానికి వచ్చాడు. గొడుగు తెరిచి తారాబాయికి పట్టాడు, తను తడుస్తున్నాడు.

ఫోన్ మోగింది. తారాబాయి చూసి, "మామ," అంది. రెండు మాటలు మాట్లాడి ఫోన్ సవితకు అందించింది. "నువ్వే చెప్పు."

ధనుంజయ్ చేతిలో గొడుగు కొద్దిగా వంగింది.

సవిత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. ఒకసారి తల్లిని చూసింది, ఒకసారి వాణ్ణి చూసింది. తర్వాత మరాఠీలో ఒకే ఒక్క వాక్యం, తడబడకుండా, స్పష్టంగా చెప్పి ఫోన్ తల్లికి ఇచ్చేసింది.

తారాబాయి కనుబొమలు పైకి లేచాయి. ఫోన్లో తమ్ముడు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. "పిల్ల చెప్పింది కదరా, ఇగ గంతే," అని ఆమె మరాఠీలో అని పెట్టేసింది. రామ్‌దాస్ దగ్గి, ధనుంజయ్‌ని కాళ్ళ నుంచి తల దాకా ఒకసారి చూశాడు.

"పిలగా, మీ బాపు ఏం జేస్తడు?"

"బట్టల దుకాణముంది మామా. చిన్నదే. ఎందుకు?"

"ఊకెనే. మీ అవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నది. జర కోపం మీదున్నది అంతే."

ధనుంజయ్ మెల్లగా సవిత పక్కకు జరిగాడు. "ఏమన్నవ్ ఫోన్ల? నాకు ఒక్క ముక్క సమజ్ గాలే. ఉల్లిగడ్డల మామ ఆ మాట ఎన్నడు నేర్పలే."

"అంగట్ల ఎవ్వరూ అనరు ఆ మాట."

"ఏంది మరి?"

"చేసుకుంటె నిన్నే చేసుకుంటనన్న."

వాడి చేతిలోని గొడుగు పూర్తిగా వాలిపోయింది. అటు బోధన్ బస్సు వచ్చి ఆగింది. తారాబాయి ఎక్కింది, సవిత ఎక్కింది. రామ్‌దాస్ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"వానల నిలబడి ఏం సూస్తున్నవ్? ఎక్కు. ఇల్లు సూసి, మా ఆమె చేతి రొట్టె తిని, ఆఖరి బస్సుకు వాపస్ రా."

"మామా, మా ఇల్లు గీడనే, నిజామాబాదే..."

"తెలుసు. ఎక్కు."

బస్సు కదిలింది. కండక్టరమ్మ మిషన్ పట్టుకుని సీట్ల మధ్య తూలుకుంటూ వచ్చింది. "ఎందరు?"

రామ్‌దాస్ జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆడోళ్ళకు ఫ్రీ కదా, మా ఆడోళ్ళిద్దరికి జీరో టికెట్ గొట్టు. మొగోళ్ళం ఇద్దరమున్నం. బోధన్."